హస్కీ కాళ్ళు, పాకెట్ పాలు

మంచు కొండదారిలో ఒకాయన స్కీల (మంచు మీద జారే పొడవాటి పలకల) మీద నిలబడితే రెండు హస్కీలు, అంటే మంచు దేశాల కుక్కలు, ఆయన్ని లాక్కుపోతున్న వీడియో చూసి ఒక పాఠకురాలు అడిగారు: "ఆయనకి బూట్లున్నాయి. కుక్కలవి వట్టి కాళ్ళు. గడ్డకట్టిపోవా?"

ఆ ఆటని స్కీజోరింగ్ అంటారు. మాట నార్వే నుంచి వచ్చింది. మనిషి నడుముకి బెల్టు, కుక్క ఒంటికి పట్టీలు, మధ్యలో సాగే తాడు, అంతే. 1928లో స్విట్జర్లాండ్‌లోని సెయింట్ మోరిట్జ్‌లో జరిగిన శీతాకాల ఒలింపిక్స్‌లో గుర్రాలతో ప్రదర్శన పోటీ కూడా పెట్టారు. బయలుదేరే ముందు హస్కీలు మోర ఎత్తి ఒకటే ఊళ. కుక్క ఏడిస్తే ఎవరో పోతారని మా అమ్మమ్మ నమ్మకం. ఆ లెక్కన అలాస్కాలో ఈపాటికి మనుషులే మిగలకూడదు!

సరే, కాళ్ళ సంగతి. "ఒంటినిండా బొచ్చు ఉందిగా" అంటారు. అరికాలి మెత్తలకి బొచ్చేదీ? అసలు రహస్యం రక్తం పారే దిశలో ఉంది. అది అర్థం కావాలంటే పాల డెయిరీకి వెళ్ళాలి.

పాకెట్ పాలని 72 డిగ్రీలకి వేడిచేసి, 15 సెకన్లు అలాగే ఉంచి, మళ్ళీ చల్లబరుస్తారు. లోపలికి వచ్చే పాలు 4 డిగ్రీలు. వేడెక్కి బయటికి పోయేవి 72. ఈ వేడిని ఆ చల్లటి పాలకి ఇచ్చేస్తే కరెంటు ఖర్చు తగ్గుతుంది కదా? పల్చటి రేకుకి అటొకటి, ఇటొకటి పారించాలి. రెండూ ఒకే దిశలో పారాయనుకోండి, చివరికి రెండూ 38 దగ్గర సమానమై ఆగిపోతాయి. సగం వేడే చేతులు మారింది. ఎదురెదురుగా పారించండి. బాగా చల్లారిన వేడిపాలకి చివర్లో ఎదురయ్యేవి అప్పుడే వచ్చిన 4 డిగ్రీల పాలు. కాస్త వెచ్చబడ్డ పాలకి ఎదురయ్యేవి ఇంకా వేడిగా ఉన్నవి. దారి పొడవునా ఎంతో కొంత తేడా మిగులుతూనే ఉంటుంది, వేడి మారుతూనే ఉంటుంది. ఇలా 90 శాతానికి పైగా వేడి తిరిగి రాబట్టొచ్చు. గొట్టాలు అవే, పాలు అవే, మారింది దిశ ఒక్కటే! బళ్ళో దీన్ని చేప మొప్పల పాఠంలో ఒక వాక్యంలో చెప్పి వదిలేస్తారు, నాకు ఒళ్ళు మండుతుంది.

కుక్క పాదంలో వెచ్చటి రక్తం తెచ్చే ధమని చుట్టూ, చల్లటి రక్తం వెనక్కి తీసుకెళ్ళే సన్నటి సిరలు అల్లుకుని ఉంటాయి. దిగే రక్తం తన వేడిని ఎక్కే రక్తానికి అప్పజెప్పేసి, చల్లబడి అరికాలికి చేరుతుంది. అంటే కుక్క తన పాదాన్ని వెచ్చగా ఉంచుకోవడం లేదు, చల్లబడనిస్తోంది! పాదానికీ మంచుకీ తేడా ఎంత తక్కువైతే ఒంటి వేడి అంత తక్కువ పోతుంది. మరి గడ్డకట్టదా? లవణాలు కరిగి ఉన్నందువల్ల కణజాలం సున్నా దగ్గరే గడ్డకట్టదు, ఇంకొంచెం కిందికి దిగాలి. 1972లో అమెరికాలో నక్క, తోడేలు పాదాలని మైనస్ 35 డిగ్రీల ద్రవంలో ముంచి చూశారు. పాదం మైనస్ 1 దగ్గర నిలిచింది. అంతకన్నా దిగకుండా అరికాలి చర్మానికి సరిగ్గా కావలసినంత రక్తాన్నే శరీరం వదులుతోందన్నమాట, కుళాయి తిప్పినట్టు.

మరి మంచు మీద జారుడు బండి లాగే స్లెడ్జి పందేల్లో కుక్కలకి గుడ్డ బూట్లెందుకు? చలికి కాదు. వేళ్ళ మధ్య మంచు ఉండలు కట్టకుండా, గరుకు మంచుకి మెత్తలు అరిగిపోకుండా.

ఈ ఏర్పాటు హస్కీల సొత్తు అనుకోకండి. 2011లో జపాన్ పరిశోధకుడు హిరోయోషి నినోమియా బృందం మామూలు పెంపుడు కుక్కల పాదాల్లోనే ఈ అల్లికని మైక్రోస్కోపు కింద చూపించింది. మన టీకొట్టు ముందు పడుకునే కుక్క కాల్లోనూ ఇదే డెయిరీ నడుస్తూ ఉండాలి. అయితే ఈ అల్లిక చలికే తప్ప కాలే తారుకి పనికిరాదు. హైదరాబాద్‌లో హస్కీని పెంచేవాళ్ళు మే నెలలో దాన్ని బయటికి తీసుకెళ్ళే ముందు రోడ్డు మీద అరచెయ్యి పెట్టి చూడండి. మీకు చురుక్కుమంటే దానికీ కాలుతుంది.