రోగుల రికార్డులు తెచ్చే వెబ్ యాప్: అపోహలు - వాస్తవాలు

ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ రాయడం నా పని. అందులో ఎక్కువ భాగం, రోగుల రికార్డులను డిజిటల్‌గా పంచుకునేందుకు కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌కు యాప్‌లను కలపడమే. టీమ్‌లో కొత్తగా చేరినవాళ్ల దగ్గరా, ఆసుపత్రి యజమానుల దగ్గరా తరచూ వినే మాటలు కొన్ని.

అపోహ: ఆభా నంబరు (ఈ మిషన్ ఇచ్చే ఆరోగ్య గుర్తింపు సంఖ్య) కొడితే చాలు, రికార్డులన్నీ ప్రభుత్వ సర్వర్ నుంచి వచ్చేస్తాయి.

వాస్తవం: అన్నీ పోగుచేసిన సర్వర్ అంటూ ఏదీ లేదు. 14 అంకెల ఆభా నంబరు మనిషిని గుర్తించడానికే. రికార్డు తయారైన ఆసుపత్రిలోనో ల్యాబ్‌లోనో ఉంటుంది. అది ఎందుకు కావాలి, ఏ రకం రికార్డులు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఎన్నాళ్లు ఉంచుకుంటాం అని కన్సెంట్ మేనేజర్ (రోగి అనుమతులను చూసే వ్యవస్థ) ద్వారా రోగిని అడగాలి. ఒప్పుకున్నాక కూడా వెంటనే రాదు. మన రిక్వెస్ట్‌కు ముందు ‘అందింది, పని జరుగుతోంది’ అని చెప్పే 202 కోడ్ మాత్రమే వస్తుంది, అసలు రికార్డు తర్వాత మనమిచ్చిన చిరునామాకు చేరుతుంది. బటన్ నొక్కగానే స్క్రీన్ నిండాలని డిజైన్ చేసినవాళ్లు ఇక్కడే తల పట్టుకుంటారు. గడువు తీరాక మన దగ్గరున్న కాపీని చెరిపేయాలి. క్యాష్‌లో (వేగం కోసం దాచుకునే తాత్కాలిక నిల్వలో) మిగిలిపోయినదాని సంగతి చాలామందికి గుర్తుండదు.

అపోహ: హెచ్‌టీటీపీఎస్ (బ్రౌజర్‌కూ సర్వర్‌కూ మధ్య సురక్షిత కనెక్షన్) ఉంది కదా, ఇంకేం కావాలి?

వాస్తవం: అది దారిలో కాపలా మాత్రమే. ఈ వ్యవస్థలో రికార్డును పంపే ఆసుపత్రే ఎన్‌క్రిప్ట్ చేస్తుంది (తాళం ఉన్నవాళ్లే చదవగలిగేలా మారుస్తుంది), మధ్యలో ఉన్న కన్సెంట్ మేనేజర్ కూడా చదవలేదు. తెరిచేది మన సర్వర్. తెరిచాక రిపోర్టు మొత్తాన్ని డీబగ్ లాగ్‌లో (తప్పులు వెతకడానికి ప్రోగ్రాం రాసుకునే చిట్టాలో) ప్రింట్ చేస్తే ఆ శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరే. లాగ్‌లో ఉండాల్సింది ఎవరు, ఎప్పుడు, ఏ రికార్డు చూశారన్నదే.

అపోహ: లాగిన్, ఓటీపీ ఉన్నాయి కాబట్టి ఒకరి రిపోర్టు ఇంకొకరు చూడలేరు.

వాస్తవం: నన్నడిగితే అన్నిటికంటే ప్రమాదకరమైన నమ్మకం ఇదే. లాగినైన మనిషి అడ్రస్ బార్‌లో 4051ని 4052గా మారిస్తే పక్కవాళ్ల రిపోర్టు తెరుచుకునే యాప్‌లు ఉంటాయి. వెబ్ భద్రతపై పనిచేసే ఓవాస్ప్ సంస్థ 2021 లోపాల జాబితాలో మొదటి స్థానం ఈ తరహా లోపాలదే. నంబరు బదులు పొడవాటి ఐడీ పెడితే సరిపోదు, లింకు వాట్సాప్‌లో తిరుగుతుంది. స్క్రీన్ మీద బటన్ దాచడం అసలు రక్షణే కాదు. అడుగుతున్నది ఎవరు, ఈ రికార్డుతో వాళ్లకేం సంబంధం, అనుమతి ఇంకా చెల్లుతోందా అని ప్రతి రిక్వెస్ట్‌కూ సర్వరే చూడాలి. ఇద్దరు బూటకపు రోగులను పెట్టుకుని, ఒకరిగా లాగినై ఇంకొకరి రిపోర్టు అడిగే టెస్టును ప్రతి ఏపీఐకీ (యాప్ సర్వర్‌ను డేటా అడిగే ద్వారానికి) రాయండి. జవాబుగా 403 (అనుమతి లేదు) కంటే 404 (దొరకలేదు) మేలంటాను, ఆ రికార్డు ఉందన్న సంగతీ తెలియదు.

ఓటీపీకి మన ఇళ్లలో ఇంకో చిక్కుంది. ఇంటిల్లిపాదికీ ఒకే ఫోన్ నంబరు ఇస్తారు. ఫోన్ ఎవరి చేతిలో ఉందో ఓటీపీ చెబుతుంది, రిపోర్టు ఎవరిదో చెప్పదు. కోడలి గైనకాలజీ రిపోర్టు మామగారి ఫోన్‌లో తెరుచుకుంటే సాంకేతికంగా అంతా సవ్యమే, ఇంట్లో మాత్రం గొడవ. అందుకే ఒక్కొక్కరికీ విడిగా పిన్ పెట్టమని పట్టుబడతాను. క్లయింట్లు విసుక్కుంటారు.

అపోహ: పేరు తీసేస్తే ఆ డేటా ఎవరిదో తెలియదు.

వాస్తవం: చిన్న ఊరి పిన్‌కోడ్, వయసు, అరుదైన జబ్బు చాలు. టెస్టింగ్‌కు శాండ్‌బాక్స్ (ప్రయోగాల కోసం విడిగా ఉంచిన వ్యవస్థ) ఉంది, నిజం రికార్డులు వాడకండి.

అపోహ: ఏదైనా జరిగితే సాఫ్ట్‌వేర్ కంపెనీయే చూసుకుంటుంది.

వాస్తవం: 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో, పని బయటివాళ్లకు అప్పగించినా బాధ్యత ఆసుపత్రిదే. తగిన భద్రతా ఏర్పాట్లు లేకపోతే జరిమానా రూ.250 కోట్ల దాకా వెళ్లొచ్చు. 2025 నవంబరులో వచ్చిన నియమాలతో ఇది దశలవారీగా అమల్లోకి వస్తోంది.