ఫీజు అడిగితే దొంగ జర్నలేనా? పరిశోధన పేపరు పంపే ముందు తేల్చుకోవాల్సిన అపోహలు - వాస్తవాలు

బరంపురం నుంచి కోరాపుట్ దాకా పీహెచ్‌డీ చేస్తున్న మన తెలుగు పిల్లల వాట్సాప్‌కు జర్నళ్ల పేరిట వచ్చే కబురు దాదాపు ఒకటే: మూడు రోజుల్లో ప్రచురణ, సర్టిఫికెట్ ఉచితం, ఫీజు స్వల్పం. సెమిస్టరు చివర్లో ఇవి మరీ ఎక్కువ.

అపోహ: డబ్బు అడిగేది దొంగ జర్నల్, అడగనిది మంచిది.
వాస్తవం: ప్లాస్ వన్ అనే పేరున్న జర్నల్ వెయ్యి డాలర్లకు పైనే తీసుకుంటుంది. అయినా దాన్ని దొంగ జర్నల్ అనరు. చూడాల్సింది ఫీజు ఉందా లేదా అని కాదు, ఎప్పుడు చెప్పారు, ఎప్పుడు వసూలు చేశారు అని. నిజాయితీ గల ఓపెన్ యాక్సెస్ (ఎవరైనా ఉచితంగా చదవగల) జర్నల్ ఫీజును వెబ్‌సైట్లో ముందే పెడుతుంది, నిపుణుల రివ్యూ పూర్తై పేపరు అంగీకరించాకే అడుగుతుంది, కట్టలేని వారికి మినహాయింపు ఎలా ఇస్తుందో రాస్తుంది. ఎవరో వ్యక్తి పేరు మీదున్న యూపీఐ నంబరుకు పంపమన్నారంటే అక్కడితో ఆపేయండి.

అపోహ: ఐఎస్ఎస్ఎన్ ఉంది కాబట్టి ప్రభుత్వ గుర్తింపు ఉన్నట్టే.
వాస్తవం: అది పత్రికలకు ఇచ్చే ఎనిమిది స్థానాల గుర్తింపు సంఖ్య, అంతే. బండికి నంబరు ప్లేటు ఉన్నంత మాత్రాన బ్రేకులు పడతాయనుకోం కదా! ఒక్కో పేపరుకు ఇచ్చే శాశ్వత లింకు డీఓఐ కూడా నాణ్యతకు హామీ కాదు. పైగా కొందరు వేసే డీఓఐ నొక్కితే ఏ పేపరూ తెరుచుకోదు.

అపోహ: యూజీసీ ఆమోదించిన జర్నళ్ల జాబితా 'యూజీసీ కేర్'లో ఉంది కదా!
వాస్తవం: ఆ జాబితాను ఆపేసినట్టు యూజీసీ 2025 ఫిబ్రవరిలో ప్రకటించింది. ఇంకా ఆ ముద్ర వేసుకు తిరిగే సైట్లను అనుమానించాల్సిందే. ఇప్పుడు మంచిచెడ్డలు తేల్చే బాధ్యత మీ విశ్వవిద్యాలయానిది, మీది.

అపోహ: ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 7.8 అట!
వాస్తవం: జర్నల్లోని పేపర్లను సగటున ఎన్నిసార్లు ఇతరులు ఉటంకించారో చెప్పే అంకె అది. అసలు ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఇచ్చేది క్లారివేట్ సంస్థ ఒక్కటే. 'ఇంపాక్ట్ ఫ్యాక్టర్' అన్న మాటకు ముందో వెనకో ఇంకో మాట తగిలించిన పేర్లు వేరే సరుకు. పరిశోధన జర్నళ్ల డేటాబేస్ అయిన స్కోపస్ జాబితా ఉచితంగానే చూడొచ్చు. పేరుతో కాకుండా ఐఎస్ఎస్ఎన్‌తో వెతకండి, ఏ ఏడాది వరకు చేర్చారో గమనించండి. మధ్యలో ఆగిపోయి ఉంటే ఇప్పుడు లేనట్టే. పాత జర్నల్ పేరుతో నకిలీ సైటు నడిపేవాళ్లూ ఉన్నారు. అందుకే మెయిల్లో వచ్చిన లింకు నుంచి కాక, ఐఎస్ఎస్ఎన్ పోర్టల్ చూపిన చిరునామా నుంచి వెళ్లండి.

అపోహ: ఓపెన్ యాక్సెస్ జర్నళ్ల జాబితా డీఓఏజేలో ఉంటే ఇక చూడక్కర్లేదు.
వాస్తవం: 2013లో సైన్స్ పత్రిక తరఫున తప్పులతడక పేపరును 304 జర్నళ్లకు పంపితే 157 అంగీకరించాయి. వాటిలో డీఓఏజేలో ఉన్నవీ ఉన్నాయి. ఆ తర్వాత డీఓఏజే నిబంధనలు బిగించింది, 2016లో వేల జర్నళ్లను తీసేసింది. ఇప్పుడది మంచి వడపోతే, కానీ చివరి మాట కాదు.

మరి చివరి మాట ఏది? జర్నల్‌నే చదవడం. ఈ మధ్య వచ్చిన రెండు సంచికలు తెరవండి. సవర భాష, సిమెంటు బలం, రాగి పంట దిగుబడి ఒకే సంచికలో కలగలిసి ఉంటే విషయం తెలిసిపోయినట్టే. పేపరు అందిన తేదీకి, అంగీకరించిన తేదీకి మధ్య ఎన్ని రోజులున్నాయో చూడండి. సంపాదకవర్గంలో ముగ్గురి పేర్లు వాళ్ల విశ్వవిద్యాలయ పేజీల్లో వెతకండి, కనబడితే వాళ్లకే మెయిల్ చేసి అడగండి. అనుమతి లేకుండా పేరు వాడుకోవడం ఈ వ్యాపారంలో మామూలే.

అపోహ: తేడా వస్తే వెనక్కి తీసుకోవచ్చు.
వాస్తవం: చాలాసార్లు వీలు పడదు. హైదరాబాదు కేంద్రంగా నడిచిన ఒమిక్స్ అనే ప్రచురణ సంస్థ మీద అమెరికా వాణిజ్య నియంత్రణ సంస్థ ఎఫ్‌టీసీ వేసిన కేసులో ఫీజు దాచడంతో పాటు పేపర్లు వెనక్కి ఇవ్వకపోవడమూ ఒక ఆరోపణ. 2019లో కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది. కాపీరైట్ పత్రం మీద సంతకం పెట్టకముందే ఉపసంహరణ మెయిల్ పంపి దాచుకోండి, 'విత్‌డ్రాయల్ ఫీజు' కట్టకండి. వాళ్లు అచ్చేసేస్తే మాత్రం అదే పేపరును మంచి జర్నల్ తీసుకోదు.