రాజ్యాంగం రాసే హక్కు ఎవరిది? దక్షిణాఫ్రికాలో తెగని పేచీ తెగిన తీరు

1983లో దక్షిణాఫ్రికా శ్వేతజాతి ప్రభుత్వం ఒక కొత్త రాజ్యాంగం తెచ్చింది. పార్లమెంటులో మూడు సభలు: తెల్లవారికొకటి, మిశ్రమ జాతివారికొకటి, భారత సంతతికొకటి. దేశ జనాభాలో అత్యధికులైన నల్లజాతీయులకు ఏ సభా లేదు. 1860 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కి నేటాల్ చెరకు తోటల్లో కూలికి వెళ్లినవాళ్ల వారసులకు, అందులో మన తెలుగువాళ్లకు కూడా, ప్రభుత్వం ఓటును ఎర వేసింది. 1984 ఆగస్టు ఎన్నికల్లో వారిలో ఎక్కువమంది పోలింగు కేంద్రాల వైపే వెళ్లలేదు. ఆ బహిష్కరణకు దక్కాల్సినంత పేరు దక్కలేదని నా అభిప్రాయం.

1990 ఫిబ్రవరిలో దేశాధ్యక్షుడు డి క్లర్క్, నల్లజాతీయుల హక్కుల కోసం పోరాడిన ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ (ఏఎన్‌సీ)పై నిషేధం ఎత్తేశాడు, మండేలా విడుదలయ్యాడు. 1991 డిసెంబరులో జొహానెస్‌బర్గ్ దగ్గరి కెంప్టన్ పార్క్‌లో చర్చలు మొదలయ్యాయి. ఎన్నికైన సభే రాజ్యాంగం రాయాలని ఏఎన్‌సీ పట్టు. ముందే అన్ని పార్టీలూ కూర్చుని రాసేయాలని ప్రభుత్వం పట్టు. ఎన్నికలంటూ జరిగితే తమది మైనారిటీయేనని వాళ్లకు తెలుసు. 1992 మేలో మాటలు శాతాల దగ్గర తెగాయి. రాజ్యాంగం ఆమోదానికి 70 శాతం ఓట్లు చాలని ఏఎన్‌సీ, 75 ఉండాల్సిందేనని ప్రభుత్వం. జూన్‌లో బొయిపటాంగ్ అనే నల్లజాతీయుల బస్తీలో 40 మందికి పైగా ఊచకోతకు గురయ్యాక ఏఎన్‌సీ చర్చల నుంచి లేచిపోయింది. 1993 ఏప్రిల్‌లో ఏఎన్‌సీ, కమ్యూనిస్టు నాయకుడు క్రిస్ హానీ హత్య. దేశం అంతర్యుద్ధం అంచుదాకా వెళ్లింది. అయినా ఆ ఏడాదే ఎన్నికల తేదీ ఖరారైంది.

చివరికి దొరికిన దారి రెండంచెలది. పార్టీలన్నీ కలిసి 1993లో తాత్కాలిక రాజ్యాంగం రాసుకున్నాయి. అందులో 34 మౌలిక సూత్రాలు పెట్టాయి. 1994 ఏప్రిల్ ఎన్నికల్లో గెలిచిన 490 మంది సభ్యుల రాజ్యాంగ సభ, ఏఎన్‌సీ నేత సిరిల్ రామఫోసా అధ్యక్షతన, అసలు రాజ్యాంగం రాయాలి. అది ఆ సూత్రాలకు లోబడి ఉందో లేదో కొత్తగా ఏర్పడిన రాజ్యాంగ న్యాయస్థానం తేల్చాలి.

1996 మే 8న సభ భారీ మెజారిటీతో ఆమోదించింది. సెప్టెంబరు 6న న్యాయస్థానం దాన్ని వెనక్కి పంపేసింది! రాష్ట్రాల అధికారాలకు కోత పడిందనీ, హక్కుల అధ్యాయాన్ని సవరించడం మరీ తేలికగా ఉందనీ, ఇంకా కొన్ని లోపాలున్నాయనీ తప్పుపట్టింది. ప్రజలెన్నుకున్న సభ రాసిన రాజ్యాంగాన్నే ఒక న్యాయస్థానం కాదంది, సభ తలవంచి దిద్దుకుంది. ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఈ ఘట్టమే. డిసెంబరు 4న న్యాయస్థానం ఆమోదముద్ర పడింది. డిసెంబరు 10న మండేలా షార్ప్‌విల్‌లో సంతకం చేశాడు. 1960లో పోలీసులు 69 మందిని కాల్చి చంపిన ఊరది. ఆ రాజ్యాంగం ఆరో సెక్షన్‌లో, గౌరవించి ప్రోత్సహించాల్సిన భాషల్లో, తెలుగు పేరు కూడా ఉంది.

రాజీకి మూల్యం భూమి దగ్గర కనిపిస్తుంది. 25వ సెక్షన్ భూసంస్కరణకు దారి చూపుతూనే ఆస్తి హక్కును కాపాడింది. శతాబ్దాలుగా గుంజుకున్న భూమిలో ఎక్కువ భాగం అలాగే పాతచేతుల్లో ఉండిపోయింది. ఆ సెక్షన్‌ను మార్చే బిల్లు 2021లో మూడింట రెండొంతుల మెజారిటీ రాక వీగిపోయింది. 2025 జనవరిలో, కొన్ని సందర్భాల్లో పరిహారం లేకుండానే భూసేకరణ జరిపే చట్టంపై దేశాధ్యక్షుడు సంతకం చేశాడు. ఆ అధ్యక్షుడు, నాడు రాజ్యాంగ సభను నడిపిన రామఫోసాయే.