మైనస్ 30 కన్నా సున్నా దగ్గరే టెన్షన్: ఉత్తర కెనడా వసంతంపై అపోహలు - వాస్తవాలు

ఉత్తర కెనడాలోని చిన్న ఊళ్లకు వెళ్లే విమానాలకు నేను ఫ్లైట్ డిస్పాచర్‌ని. వాతావరణం చూసి, ఇంధనం లెక్కగట్టి, బయల్దేరాలా ఆగాలా అన్నది పైలట్‌తో కలిసి తేల్చడం మా పని. ఉత్తర కెనడాలోని నునావుట్ ప్రాంతంలో 25 ఊళ్లుంటే ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి రోడ్డు లేదు. సరుకుల ఓడలు వేసవిలో సముద్రం కరిగాకే వస్తాయి. అందాకా పాలైనా మందులైనా విమానంలో రావాల్సిందే. "ఉగాది కూడా వెళ్లిపోయింది, ఇంకా ఫ్లైట్లు క్యాన్సిలేంటి?" అని మావాళ్లు ఏటా అడుగుతారు.

అపోహ: చలి తగ్గితే విమానాలు సాఫీగా తిరుగుతాయి.

గాలి లేని మైనస్ 30 రోజు మాకు మామూలుగా హాయి. ఆకాశం తేటగా ఉంటుంది, కంకర రన్‌వే గట్టిగా బిగుసుకుని ఉంటుంది. తంటా అంతా సున్నాకు అటూ ఇటూ ఉన్నప్పుడే. సముద్రపు ఐస్ పగిలి నీళ్లు బయటపడ్డ చోట పొగమంచు లేస్తుంది. సన్నటి తుంపర పడి, తాకినచోటల్లా గడ్డకడుతుంది, విమానం రెక్కల మీద కూడా. అక్కడి రన్‌వేలు చాలావరకు తారువి కావు. పొద్దున బాగున్న కంకర మధ్యాహ్నం ఎండకు మెత్తబడుతుంది, చక్రాల గాట్లు పడతాయి, రాత్రికి ఆ గాట్లే గడ్డకడతాయి.

అపోహ: మంచు కురిస్తేనే బ్లిజార్డ్ (మంచు తుపాను).

కెనడా వాతావరణ శాఖ లెక్కకు కొత్తగా మంచు కురవనక్కర్లేదు. గాలి గంటకు 40 కి.మీ. లేదా ఆపైన వీయాలి, ఎగిరే మంచు వల్ల 400 మీటర్లకు మించి కనిపించకూడదు, ఇది కనీసం 4 గంటలు సాగాలి. చెట్లు పెరగని ఉత్తర ప్రాంతంలోనైతే 6 గంటలు. నేల మీదున్న పాత మంచునే గాలి లేపి కొడితే చాలు. పైన నీలాకాశమే ఉండొచ్చు. ఊరి మీదుగా ఎగురుతూ నిలువుగా కిందికి చూసిన పైలట్‌కు రన్‌వే, ఇళ్ల కప్పులు అన్నీ కనిపిస్తాయి. దిగడానికి ఏటవాలుగా వచ్చేసరికి అదే మంచు పొరలో చాలా దూరం చూడాలి, రన్‌వే మాయమవుతుంది. కిటికీలోంచి తమ ఊరు చూసుకున్న ప్రయాణికులు, విమానం వెనక్కి తిరిగితే ఎవర్ని తిట్టుకుంటారో చెప్పక్కర్లేదు.

అన్నట్టు, అక్కడ మంచు కుప్పలు తెప్పలుగా కురుస్తుందన్నదీ అన్నిచోట్లా నిజం కాదు. నునావుట్‌లోని రిజొల్యూట్ అనే ఊళ్లో ఏడాదంతా పడే వాన, మంచు నీళ్లలో లెక్కేస్తే 160 మి.మీ. ప్రాంతం. మన అనంతపురంలోనే దానికి మూడు రెట్లు పడుతుంది. అక్కడ పడింది నెలల తరబడి కరగదు, అంతే.

అపోహ: వరదంటే వాన వల్లే.

అక్కడి పెద్ద నదుల్లో చాలావి ఉత్తరానికి పారతాయి. దక్షిణాన, అంటే ఎగువన, ముందు కరుగుతుంది. దిగువన ఇంకా గడ్డే. ఎగువ నీళ్లు, విరిగిన ఐస్ పలకలు వచ్చి అక్కడ ఇరుక్కుంటాయి, వెనక నీటిమట్టం గంటల్లో పెరిగిపోతుంది. 2022 మేలో హే నది ఒడ్డునున్న హే రివర్ పట్టణాన్ని ఇలాగే ఖాళీ చేయించారు. సరిగ్గా ఐస్ విరిగే వేళకు ఆ నది పరీవాహకంలో వాన, మంచు పడటంతో పరిస్థితి ముదిరింది. జేమ్స్ బే అనే అఖాతం దగ్గరి కషెచెవాన్ అనే ఊరి నుంచైతే వరద భయంతో దాదాపు ఏటా వసంతంలో జనాన్ని విమానాల్లో తరలిస్తుంటారు.

హడ్సన్ బే తీరంలోని చర్చిల్ అనే ఊరి కథ ఇంకో రకం. 2017 మార్చిలో అక్కడ మూడు రోజులు బ్లిజార్డ్ కొట్టింది. మేలో ఆ మంచు కరిగిన నీళ్లు రైలు కట్టను చాలాచోట్ల కోసేశాయి. రోడ్డు లేని ఆ ఊరికి నేల మీద ఉన్నది ఆ ఒక్క రైలు మార్గమే. 2018 అక్టోబరు చివరికి గానీ అది బాగుపడలేదు. మార్చిలో తుపాను ఆగిపోగానే మనం రిపోర్టు మూసేస్తాం, ఊరికి మాత్రం కథ అప్పుడే మొదలవుతుంది.

అపోహ: ఐస్ మందంగా ఉంటే భయం లేదు.

వసంతపు ఎండకు ఐస్ లోపల్లోపలే నిలువు పుల్లలుగా విడిపోతుంది. కొలిస్తే మందం బాగానే ఉంటుంది, కాలు పెడితే విచ్చుకుంటుంది. ఈ విషయంలో నేను ఐస్ చార్టుల కన్నా అక్కడి ఆదివాసులైన ఇన్యూట్ వేటగాళ్ల మాటే నమ్ముతాను.

అపోహ: ఫోన్‌లో వెదర్ యాప్ చూస్తే చాలు.

వాతావరణ రాడార్లు దాదాపు అన్నీ దక్షిణానే ఉన్నాయి. భూమధ్యరేఖ మీది శాటిలైట్లకు అంత ఉత్తరాన నేల బాగా ఏటవాలుగా కనిపిస్తుంది. ధ్రువాల మీదుగా తిరిగేవే దిక్కు. స్టేషన్ల మధ్య వందల కిలోమీటర్ల దూరం. యాప్‌లోని సూర్యుడి బొమ్మ కంప్యూటర్ మోడల్ అంచనా, అంతకు మించి కాదు. అందుకే ఫోర్‌కాస్ట్ బాగున్నా ఎయిర్‌పోర్టులో వాతావరణం గమనించే అబ్జర్వర్‌కు ఫోన్ చేసి, "అవతలి కొండ కనిపిస్తోందా?" అని అడుగుతాను.

ఏప్రిల్, మేలలో అటు వెళ్లేవాళ్లు కనెక్టింగ్ ఫ్లైట్‌కు రెండు రోజులైనా ఖాళీ పెట్టుకోండి. రోజూ వేసుకునే మందులు చేతి సంచిలోనే ఉంచుకోండి. చలికోటు గుర్తుంటుంది గానీ నల్ల కళ్లద్దాలు మర్చిపోతారు. మంచు మీద పడి తిరిగొచ్చే ఎండకు కళ్లు దెబ్బతింటాయి.