సినిమాలో నాన్న చెప్తాడు, మన నాన్న చెప్పడు: పెద్దవాళ్ల మోషన్ గురించి అపోహలు - వాస్తవాలు

నెలకి ఒక్కరైనా వస్తారు. కుర్చీ లాక్కుని కూర్చుంటూనే, "మేడమ్, మా ఇంట్లో రోజూ పీకూ సినిమానే" అంటారు. నవ్వుతూనే అంటారు గానీ, హ్యాండ్‌బ్యాగ్ జిప్ తీస్తే లోపల వెట్ వైప్స్ ప్యాకెట్టూ, మడతపెట్టిన ఒక లుంగీ కనిపిస్తాయి. నేను బెంగళూరులో మారతహళ్లి వైపు పెద్దవాళ్ల వైద్యం చేస్తాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది అనంతపురం, కర్నూలు, నెల్లూరు నుంచి పిల్లల దగ్గరికి వచ్చి ఏడో అంతస్తులోనో పదో అంతస్తులోనో ఉంటున్న అమ్మానాన్నలే. కాబట్టి పెద్దవాళ్ల మోషన్ సంగతి రోజూ ఎవరో ఒకరికి చెప్తూనే ఉంటాను, ఈసారి రాసి పెడుతున్నాను.

2015లో వచ్చిన హిందీ సినిమా పీకూ చూసే ఉంటారు. జూహీ చతుర్వేది రాసింది, షూజిత్ సర్కార్ తీశాడు. డెబ్బై ఏళ్ల భాస్కర్ బెనర్జీగా అమితాబ్, కూతురిగా దీపిక. మన సినిమాల్లో తండ్రికి జబ్బు చేస్తే గుండె పట్టుకుని పడిపోవాలి, లేదంటే కేన్సర్ అయినా రావాలి. మలబద్ధకాన్ని పట్టుకుని ఢిల్లీ నుంచి కోల్‌కతా దాకా కారు మీద కమోడ్ కుర్చీ కట్టుకుని వెళ్లే కథ రాయడానికి ధైర్యం కావాలి. నాకు అన్నిటికంటే నచ్చింది కూతురి విసుగు. ఆ అమ్మాయి అరుస్తుంది, మొహం చిట్లిస్తుంది, ఆఫీసు పని మధ్యలో కూడా నాన్న కడుపు సంగతి వినక తప్పదు, అయినా వదిలిపెట్టి పోదు. ఇంట్లో పెద్దవాళ్లని చూసుకున్నవాళ్లెవరికైనా ఇది తెలిసిన మొహమే.

ఒక్కచోటే మన ఇళ్లకీ ఆ ఇంటికీ పొసగదు. భాస్కర్ బెనర్జీ తన మోషన్ గురించి ఊరంతా వినేలా చెప్తాడు. మన నాన్నలు చెప్పరు. అందులోనూ కూతురికి అస్సలు చెప్పరు. కూతురికి కనిపించేది మరకపడిన పంచె ఒక్కటే, దాన్నిబట్టి ఆమె ఒక నిర్ణయానికి వస్తుంది. ఆ నిర్ణయం చాలాసార్లు తప్పు. అక్కడే మొదలవుతుంది అసలు నష్టం.

అపోహ: నీళ్లలా అవుతోంది కదా, ఇంక మలబద్ధకం ఎక్కడిది?

దీనికి ఎక్కువ చోటు ఇస్తున్నాను, ఎందుకంటే ఐసీయూ దాకా వెళ్లిన కేసులు చూశాను.

జరిగేది ఇది. రోజుల తరబడి సరిగ్గా అవ్వక మలం కింద గట్టి ముద్దలా కూరుకుపోతుంది. మంచాన పడ్డవాళ్లకీ, నొప్పి మాత్రలు వేసుకునేవాళ్లకీ ఇంకా తొందరగా. ఆ ముద్ద బయటికి రాదు. పైనుంచి వచ్చే పల్చటి మలం దాని పక్కనుంచి జారి, కొంచెం కొంచెంగా, మనిషికి తెలియకుండానే కారిపోతుంది. రోజుకి ఆరుసార్లు, ఎనిమిదిసార్లు. తూములో రాయి అడ్డం పడితే నీళ్లు సందుల్లోంచి కారవా, అంతే ఇది కూడా. ఇంట్లోవాళ్లు దాన్ని లూజ్ మోషన్స్ అనుకుంటారు. మెడికల్ షాపులో ఆపే మాత్ర తెస్తారు. పళ్లూ కూరలూ ఆపేసి పెరుగన్నం మీద పెడతారు. అంటే అడ్డం పడ్డ రాయికి ఇంకో రాయి జత చేశామన్నమాట. తర్వాత కడుపు ఉబ్బుతుంది, అన్నం వద్దంటాడు, ముద్ద ఒత్తిడికి మూత్రం కూడా బిగుసుకుపోవచ్చు, చివరికి మనిషి అయోమయంలో పడతాడు. అప్పుడు నా దగ్గరికి తీసుకొచ్చి అడిగే మాట: "నాన్నకి డిమెన్షియా వచ్చిందా మేడమ్?"

డిమెన్షియా సోమవారం లేనిది గురువారానికి రాదండీ. అది నెలలు, ఏళ్లు తీసుకుంటుంది. మొన్నటిదాకా బాగున్న మనిషి రెండు మూడు రోజుల్లో తికమకపడితే దాన్ని డెలీరియం అంటాం. ఒంట్లో ఎక్కడో ఏదో జరుగుతోందని అర్థం. ఇన్ఫెక్షన్ కావచ్చు, సోడియం తగ్గి ఉండొచ్చు, కొత్త మాత్ర కావచ్చు, మూత్రం ఆగి ఉండొచ్చు, మలం కూరుకుపోయి ఉండొచ్చు. వాట్సాప్‌లో అడిగే పని కాదు అది, ఆ రోజే డాక్టర్‌కి చూపించాలి.

ఇంత గట్టిగా చెప్పే హక్కు నాకెక్కడిదంటే, ఈ తప్పు నేనే చేశాను. అదీ మా నాన్న విషయంలో.

నాన్న తమ్ముడి దగ్గర హిందూపురంలో ఉంటాడు. అప్పుడు 78 ఏళ్లు. ఒకరోజు ఓపీ మధ్యలో తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, నాలుగు రోజులుగా నాన్నకి లూజ్ మోషన్స్. లుంగీలు ఉతకలేక చస్తున్నాం." నేనేం చేశాను? ఏ మాత్రలు వేసుకుంటున్నాడని అడగలేదు. అంతకుముందు వారం ఎలా అయ్యేదని అడగలేదు. బయట పదకొండు మంది కూర్చున్నారు. "లోపరమైడ్ ఒకటి వెయ్యి, ఓఆర్ఎస్ తాగించు, సాయంత్రం మాట్లాడతా" అని పెట్టేశాను. లోపరమైడ్ అంటే అదే, మోషన్స్ ఆపే మాత్ర. సాయంత్రం "కొంచెం తగ్గింది" అన్నాడు. మర్నాడు ఇంకోటి వేశారు. ఆ మర్నాడు రాత్రి మళ్లీ ఫోన్. నాన్న తమ్ముణ్ని పట్టుకుని మా చిన్నాన్న పేరుతో పిలుస్తున్నాడట, బావి దగ్గర మోటారు ఆపావా అని పదేపదే అడుగుతున్నాడట. ఆ బావి, ఆ పొలం మేం అమ్మేసి ఇరవై ఏళ్లు దాటింది.

గౌరిబిదనూరు మీదుగా నూరు కిలోమీటర్లు ఆ రాత్రి ఎలా వెళ్లానో నాకే గుర్తులేదు. వెళ్లేసరికి కడుపు మద్దెలలా బిగుసుకుని ఉంది. దిండు పక్కన బిస్కెట్ డబ్బా, అందులో మాత్రలు. మోకాళ్ల నొప్పికి ఎవరో రాసిచ్చిన ట్రమడాల్, పైన ఐరన్, పైన కాల్షియం. ఈ మూడూ కలిస్తే మోషన్ ఎంత గట్టిపడుతుందో నా దగ్గర పనిచేసే జూనియర్లకి నేనే పాఠం చెప్తాను. వేసుకుందామని బ్యాగులోంచి గ్లవ్స్ తీశాను. నాన్న గోడవైపు తిరిగి, "నువ్వొద్దు పాపా, వేరే ఎవరినైనా పిలు" అన్నాడు. "నేనిప్పుడు కూతుర్ని కాదు నాన్నా, డాక్టర్ని" అన్నాను. అంత అయోమయంలోనూ ఆయన అన్న మాట: "డాక్టరువైతే చూడకుండా మాత్ర ఎలా చెప్పినావు?"

నా దగ్గర సమాధానం లేదు. పక్క వీధిలో ఉండే మేల్ నర్సుని లేపి తీసుకొచ్చాడు తమ్ముడు. మూత్రానికి గొట్టం వేస్తే ముప్పావు లీటరు వచ్చింది. మిగతాది సాఫీ అవడానికి రెండు రోజులు పట్టింది. మూడో రోజు పొద్దున కళ్లజోడు అడిగాడు, తర్వాత పేపరు అడిగాడు.

అందుకే ఇప్పుడు ఎవరైనా పెద్దవాళ్లకి విరేచనాలని ఫోన్ చేస్తే నేను ముందు అడిగేవి ఇవి: ఒకేసారి ఎక్కువ అవుతోందా, కొంచెం కొంచెంగా మరకలా పడుతోందా? ఆయనకి తెలిసి అవుతోందా? అంతకుముందు వారంలో సరిగ్గా అయిందా? కడుపు మెత్తగా ఉందా? మూత్రం మామూలుగా వస్తోందా? నిజమైన లూజ్ మోషన్స్ పెద్దవాళ్లకి రావని కాదు, వస్తాయి, జ్వరమో రక్తమో ఉన్నా, నాలుక ఆరిపోతున్నా ఆలస్యం చెయ్యకండి. నేను చెప్పేదల్లా, చూడకుండా ఆపే మాత్ర వెయ్యొద్దని. డాక్టర్ గ్లవ్ వేసుకుని పరీక్ష చెయ్యడానికి పట్టేది ఒక్క నిమిషం. ముద్ద ఇంకా పైన ఉంటే ఎక్స్‌రే అవసరం పడొచ్చు. ఆ ఒక్క నిమిషం పరీక్షకి సిగ్గుపడి స్కాన్లూ ఎండోస్కోపీలూ చేయించుకుని వచ్చినవాళ్లు చాలామంది.

అపోహ: వయసొచ్చింది, ఇంక అంతే

వయసొక్కటే కారణం అరుదు. డాక్టర్ దగ్గరికి వచ్చేటప్పుడు మాత్రల డబ్బా మొత్తం తీసుకురండి. "బీపీ మాత్ర, తెల్లగా చిన్నగా ఉంటుంది మేడమ్" అంటే నాకేం తెలుస్తుంది? ఐరన్, కాల్షియం, ట్రమడాల్, కొడీన్ ఉన్న దగ్గు సిరప్పులు, నిద్రకో నరాలకో ఇచ్చే అమిట్రిప్టిలిన్, పార్కిన్సన్స్ అనే వణుకు జబ్బుకి ఇచ్చే ట్రైహెక్సిఫెనిడిల్, మూత్రం ఆపుకోలేనివాళ్లకి ఇచ్చే ఆక్సిబ్యుటినిన్, బీపీ మందుల్లో వెరపమిల్, వీటిలో ఏదున్నా మోషన్ గట్టిపడొచ్చు. మీరే ఆపెయ్యకండి, అడగండి. థైరాయిడ్ హార్మోన్ తగ్గినా, పార్కిన్సన్స్ మొదలవుతున్నా కూడా ఇలా ఉండొచ్చు. ఈమధ్యే అలవాటు మారిపోయి, రక్తం పడుతూ, బరువు తగ్గుతుంటే మాత్రం ఇసబ్‌గోల్ తాగుతూ కూర్చోకండి, పెద్దపేగు పరీక్ష గురించి అడగండి. కడుపు ఉబ్బి, వాంతులై, గ్యాస్ కూడా పోకపోతే నేరుగా ఎమర్జెన్సీకే.

మిగతా అపోహలు గబగబా.

రోజూ అవ్వకపోతే విషం ఒంట్లోకి ఎక్కుతుంది: ఎక్కదు. రోజుకి మూడుసార్ల నుంచి వారానికి మూడుసార్ల దాకా మామూలే, కష్టం లేకుండా అయితే చాలు. భాస్కర్ బెనర్జీ సమస్యలో సగం ఆయన లెక్కలే.

ఇసబ్‌గోల్ ఆకుమందే కదా, ఎంతైనా వెయ్యొచ్చు: గ్లాసు నిండా నీళ్లు తాగలేనివాళ్లకి అది జిగురుముద్ద అవుతుంది. మంచాన ఉన్నవాళ్లకీ, అప్పటికే కూరుకుపోయినవాళ్లకీ అస్సలు వద్దు. ఆముదం కూడా వద్దు, మా అవ్వ అందరికీ తాగించేదని మీరు చెప్పనక్కర్లేదు, మా అవ్వా తాగించింది.

ఎనిమా షాపులో దొరుకుతుంది, ఇంట్లోనే ఇచ్చేద్దాం: ఫాస్ఫేట్ ఎనిమాలు కిడ్నీ, గుండె జబ్బులున్న పెద్దవాళ్లకి ప్రమాదం. ఒకటి పనిచెయ్యలేదని అదే రోజు రెండోది ఇవ్వడం మరీ ప్రమాదం.

వెస్ట్రన్ కమోడ్ వల్లే ఇదంతా: సినిమాలో ఇర్ఫాన్ ఖాన్ గొంతుక్కూర్చోమని బొమ్మ గీసి మరీ చెప్తాడు, ఆ మాట నిజమే, అలా కూర్చుంటే దారి తిన్నగా అవుతుంది. అలాగని మోకాలి ఆపరేషన్ అయినాయన్ని కింద కూర్చోబెట్టకండి. కమోడ్ ముందు చిన్న పీట వేసి కాళ్లు దానిమీద పెట్టిస్తే మోకాళ్లు పైకొస్తాయి, అది చాలు. టిఫిన్ అయిన అరగంటలోపు కూర్చోబెట్టండి, పేగు కదిలే సమయం అదే. పీట జారకుండా చూసుకోండి, పట్టుకోవడానికి గోడకి రాడ్ పెట్టించండి.

నీళ్లు తాగమంటే తాగడు, మొండి: మొండి కాదు. రాత్రి మూత్రానికి లేవాలంటే మిమ్మల్ని లేపాలి. అందుకని సాయంత్రం నాలుగింటికే నీళ్లు ఆపేస్తాడు. పొద్దున్నుంచి మధ్యాహ్నంలోపు తాగించండి. గుండెకో కిడ్నీకో నీళ్ల లెక్క పెట్టినవాళ్లయితే ఆ లెక్క దాటొద్దు.

కూతురైతేనే చెయ్యగలదు: ఈ మాట అనేది ఎక్కువగా కొడుకులే. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టంలో సంతానం అంటే కొడుకూ కూతురూ ఇద్దరూ. లుంగీ మార్చడానికి తండ్రి కొడుకు దగ్గరే తక్కువ సిగ్గుపడతాడు, నేను చూసినంతలో. కూతుళ్లకి ఒక మాట: విసుక్కున్నారని రాత్రంతా ఏడవకండి, వారానికి ఒక పూటైనా ఎవరికైనా అప్పజెప్పి బయటికి వెళ్లండి. ఎవర్ని అడగాలో తోచకపోతే 14567కి చెయ్యండి, పెద్దవాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన ఎల్డర్‌లైన్, డబ్బులు పడవు.

ఇంకొకటి, ఇది ఏ పుస్తకంలోనూ లేదు. నాన్న నోటితో "మోషన్" అనలేడని అర్థమయ్యాక మేమొక గుర్తు పెట్టుకున్నాం. అయితే "పేపరు వచ్చింది", అవ్వకపోతే "పేపరు రాలేదు". రోజూ ఫోన్‌లో అదొక్కటే అడుగుతాను. మీరూ ఇలాంటిదేదో పెట్టుకోండి, పాలవాడో, కరెంటో, ఏదైనా.

మొన్న ఆదివారం చేస్తే, "రెండ్రోజులుగా పేపరు రాలేదు పాపా" అన్నాడు. పక్కనుంచి మా మరదలు, "అదేంది మామయ్యా, పొద్దున చదివి మడిచి పెడితిరి గదా" అంటోంది, ఆమెకింకా ఈ గుర్తు సంగతి తెలీదు. నేను నవ్వు ఆపుకుని, "మోకాళ్లకి మళ్లీ ఆ మాత్ర వేసుకుంటున్నావా నాన్నా?" అని అడిగాను.

అటువైపు చాలాసేపు చప్పుడు లేదు.