మలేరియా దోమ సంతానం, జన్యువులు: అపోహలు – వాస్తవాలు

మలేరియా మోసేది అనాఫిలిస్ దోమ. మన పల్లెల్లో ప్రధానంగా అనాఫిలిస్ క్యులిసిఫేసీస్, పట్టణాల్లో బావుల్లోనూ ఇంటి మీది ట్యాంకుల్లోనూ పెరిగే స్టెఫెన్సై, మన్యంలో ఫ్లూవియాటిలిస్. ఆఫ్రికాలో గాంబియే, దాని దగ్గరి బంధువులు. మందు చల్లడం, దోమతెరల గురించి చాలామందికి తెలుసు. ఈ దోమలు పిల్లల్ని ఎలా కంటాయి, ఆ పిల్లలకు ఏం సంక్రమిస్తుంది అనే దగ్గరే తప్పుడు నమ్మకాలు ఎక్కువ. దోమల జనాభాను జన్యువుల ద్వారా తగ్గించే పద్ధతులన్నీ నిలబడేది ఈ విషయం మీదే కాబట్టి కాస్త వివరంగా చెప్పుకోవాలి.

అపోహ: ఆడదోమ గుడ్లు పెట్టే ప్రతిసారీ మగదోమతో జతకట్టాలి.

వాస్తవం: అనాఫిలిస్ ఆడదోమ సాధారణంగా జీవితంలో ఒక్కసారే జతకడుతుంది. పొద్దుగూకే వేళ మగదోమలు గుంపుగా ఒకేచోట ఎగురుతుంటాయి. ఆడది అందులోకి వచ్చి ఒక మగదాంతో జతకట్టి వెళ్ళిపోతుంది. మగదోమ ప్యూపా నుంచి బయటపడగానే ఇందుకు పనికిరాదు. దాని జననాంగం 180 డిగ్రీలు తిరగాలి, దానికి దాదాపు ఒక రోజు పడుతుంది. అందిన శుక్రకణాలు ఆడదాని కడుపు చివర ఉండే స్పెర్మథీకా అనే సంచిలో నిలవ ఉంటాయి. అనాఫిలిస్‌కు ఆ సంచి ఒక్కటే, డెంగీ మోసే ఈడిస్‌కు మూడు. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ పెట్టే గుడ్లన్నీ ఆ నిలవతోనే ఫలదీకరణ చెందుతాయి.

గాంబియే జాతిలో మగదోమ శుక్రకణాలతో పాటు జిగురు బిరడా ఒకటి కూడా లోపల వదులుతుంది. ట్రాన్స్‌గ్లుటమినేజ్ అనే ఎంజైము దాన్ని గట్టిపరుస్తుంది. బిరడాలో 20-హైడ్రాక్సీ ఎక్డైసోన్ అనే హార్మోను ఉంటుంది. ఆడది మళ్ళీ జతకట్టడానికి ఒప్పుకోకపోవడంలో, గుడ్లు బాగా తయారవడంలో దాని పాత్ర పెద్దది. 2011లో శుక్రకణాలే లేని మగదోమలను తయారుచేసి చూశారు. వాటితో జతకట్టిన ఆడవి మామూలుగానే రక్తం తాగాయి, గుడ్లు పెట్టాయి, ఆ గుడ్లు పొదగలేదు. అయినా అవి మరో మగదాన్ని దగ్గరకు రానివ్వలేదు. తనకు అందింది వట్టిదని ఆడదోమ గుర్తించలేదన్నమాట. పిల్లల్ని కనలేని మగదోమలను వదిలే పద్ధతికి, అంటే వంధ్య మగదోమల పద్ధతికి, ఇంతకన్నా గట్టి ఆధారం అక్కర్లేదు.

పట్టుకున్న ఆడదోమ జతకట్టిందో లేదో చూడటం కష్టం కాదు. మత్తులో ఉన్న దోమను స్లయిడు మీద సెలైన్ చుక్కలో పెట్టి, పొట్ట చివరి ఖండాలను సన్నని సూదితో మెల్లగా లాగాలి. ముదురు గోధుమరంగు గుండ్రటి సంచి బయటపడుతుంది. కవర్‌స్లిప్ వేసి 100 రెట్ల పెద్దది చేసి చూస్తే, శుక్రకణాలుంటే లోపల సుడి తిరుగుతూ కనిపిస్తాయి. లేకపోతే సంచి మధ్యభాగం తేటగా ఉంటుంది. ఆల్కహాల్‌లో నిలవ ఉంచిన దోమలో కదలిక ఉండదు, కాబట్టి తాజా దోమతోనే ఈ పని చేయాలి.

అపోహ: మలేరియా ఉన్న దోమ పిల్లలు మలేరియాతోనే పుడతాయి.

వాస్తవం: పుట్టవు. మలేరియా పరాన్నజీవి ప్లాస్మోడియం గుడ్లలోకి వెళ్ళదు. ప్రతి ఆడదోమా జబ్బు ఉన్న మనిషి రక్తం తాగి కొత్తగా అంటించుకోవాల్సిందే. ఆ తర్వాత పరాన్నజీవి లాలాజల గ్రంథుల్లోకి చేరడానికి వాతావరణాన్ని బట్టి సుమారు 10–14 రోజులు పడుతుంది. రక్తం తాగి, గుడ్లు పెట్టి, మళ్ళీ రక్తానికి వచ్చే చక్రం వేడి రోజుల్లో 2–3 రోజులు. అంటే జబ్బు అంటించగల దోమ అప్పటికే నాలుగైదు విడతలు గుడ్లు పెట్టి ఉంటుంది. అందుకే ముసలి దోమలెన్ని ఉన్నాయో లెక్కగడతారు. అండాశయాన్ని డిస్టిల్డ్ వాటర్ చుక్కలో పెట్టి ఆరనిచ్చి చూస్తే, ఒక్కసారీ గుడ్లు పెట్టని దాంట్లో గాలి నాళాల కొసలు చుట్టలు చుట్టుకుని ఉంటాయి, పెట్టినదాంట్లో విచ్చుకుని ఉంటాయి. గుడ్లు సగం ఎదిగిన దోమలో ఈ చుట్టలు ఎలాగూ సాగిపోతాయి కనుక దాన్ని ఈ లెక్కలోకి తీసుకోకూడదు.

అపోహ: క్యులిసిఫేసీస్ అంటే ఒకే దోమ.

వాస్తవం: కంటికి ఒకటే, సంతానం విషయంలో ఐదు: ఏ, బీ, సీ, డీ, ఈ. బీ రకం మలేరియాను మోయడంలో చాలా బలహీనం, మిగతావి మోస్తాయి. ఒకే పశువుల పాకలో పట్టిన దోమల్లోనూ రెండు రకాలు కలిసి ఉండొచ్చు. మొదట ఏ, బీ లు వేర్వేరని 1980లో తేల్చింది క్రోమోజోముల మీది తిరగబడిన ముక్కలు, అంటే ఇన్వర్షన్లు. రెండు రకాలూ ఒకదాంతో ఒకటి జతకడుతుంటే, ఒకవైపు తిరగబడినదీ మరోవైపు మామూలుదీ ఉన్న మిశ్రమ సంతానం దొరకాలి. అలాంటివి దొరకలేదు.

ఈ తేడాలు తెలిసేది క్రోమోజోముల మీది అడ్డ పట్టీలను బట్టి, వాటిని చదవడానికి గుడ్లు సగం ఎదిగిన ఆడదోమ కావాలి. ఒక వంతు గ్లేషియల్ అసిటిక్ ఆసిడ్, మూడు వంతుల మిథనాల్ కలిపిన ద్రవంలో అండాశయాన్ని ఉంచి, 50 శాతం ప్రొపియోనిక్ ఆసిడ్‌లో మెత్తబరచి, 2 శాతం లాక్టో-అసిటో-ఆర్సీన్‌తో రంగు వేసి, కవర్‌స్లిప్ కింద నొక్కి పరుస్తారు. దోమ తొందరగా దొరికితే అండాశయంలోని పోషక కణాల్లో ఉండే పాలిటీన్ క్రోమోజోములు (పట్టీలు కనిపించేంత పెద్దవి) ఇంకా ఎదగవు. ఆలస్యమైతే గుడ్డు పచ్చసొన అడ్డొస్తుంది, పోషక కణాలు పాడవుతాయి. చాలా స్లయిడ్లు పోయేది ఇక్కడే. బీ, ఈ రకాల పట్టీలైతే అచ్చంగా ఒకటే. వాటిని విడదీయాలంటే ఆ ఆడదోమ కన్న మగ సంతానంలో వై క్రోమోజోము (మగవాటికి మాత్రమే ఉండేది) ఆకారం చూడాలి. ఇప్పుడు పీసీఆర్ అనే డీఎన్ఏ పరీక్ష ఉన్నా ఒక్క పరీక్షతో అయిపోదు. డీ3 అనే పీసీఆర్ పరీక్ష ఏ, డీ రకాలను ఒక జట్టుగా, బీ, సీ, ఈ లను మరో జట్టుగా విడదీస్తుంది, జట్టులోపల తేల్చడానికి మరో పీసీఆర్ కావాలి.

అపోహ: మందుకు దోమ అలవాటు పడుతుంది.

వాస్తవం: ఏ ఒక్క దోమా అలవాటు పడదు. తట్టుకునే జన్యు మార్పు ఉన్నవి బతికి పిల్లల్ని కంటాయి, లేనివి చస్తాయి.

అపోహ: వంధ్య మగదోమలను పెంచి వదిలితే చాలు, దోమలు పోతాయి.

వాస్తవం: వదలడం కన్నా ఆడవాటిని ఏరివేయడం కష్టం. ఈడిస్‌లో ఆడ ప్యూపాలు పెద్దవి, జల్లెడలాంటి పరికరంతో వేరు చేయొచ్చు. అనాఫిలిస్‌లో పరిమాణం తేడా అందుకు చాలదు. పొరపాటున వదిలిన ప్రతి ఆడదీ కుడుతుంది. దీనికి విరుగుడుగా, మందును తట్టుకునే జన్యువును వై క్రోమోజోముకు అతికించి, మందు తగలగానే ఆడవి చచ్చిపోయే జాతులను తయారుచేశారు. తరాలు గడిచేకొద్దీ క్రోమోజోములు ముక్కలు మార్చుకోవడంతో ఆ జన్యువు ఆడవాటికీ చేరుతుంది. అందుకని జాతిని ఎప్పటికప్పుడు వడకట్టాలి. మగదోమలను వంధ్యం చేసే రేడియేషన్ మోతాదుకూ ఇలాంటి చిక్కే ఉంది. 70 గ్రే (రేడియేషన్ కొలమానం) దగ్గర కొన్ని గుడ్లు పొదుగుతాయి, 120 గ్రేకు పెంచితే వంధ్యత్వం దాదాపు పూర్తవుతుంది గానీ మగదోమ గుంపులో పోటీపడలేదు.

ఎల్ సాల్వడార్‌లో 1972లో అపాస్తెపెకె సరస్సు దగ్గర, రసాయనంతో వంధ్యత్వం కలిగించిన అల్బిమానస్ అనే అనాఫిలిస్ దోమలను 40 లక్షలకు పైగా వదిలితే అక్కడి దోమలు దాదాపు కనుమరుగయ్యాయి. తర్వాత పసిఫిక్ తీరంలో రోజుకు సుమారు పది లక్షలు వదిలినా అంత ఫలితం రాలేదు, ఎందుకంటే బయటి నుంచి అప్పటికే జతకట్టిన ఆడవి ఎగిరొచ్చాయి. చోటు ఒంటరిదై ఉండాలన్న షరతును ఈ పద్ధతిలో ఎవరూ తప్పించుకోలేరు.

అపోహ: జీన్ డ్రైవ్ (ఒక జన్యువును దాదాపు సంతానమంతటికీ చేర్చే ఏర్పాటు) ఉన్న దోమలను ఇప్పటికే వదిలేశారు, కుడితే ఆ జన్యువులు మనకు ఎక్కుతాయి.

వాస్తవం: రెండూ తప్పు. దోమకాటుతో జన్యువులు మనిషికి సంక్రమించవు. బుర్కినా ఫాసోలోని బానా గ్రామంలో 2019లో వదిలినవి డ్రైవ్ లేని వంధ్య మగదోమలు. జిబూటీలో 2024లో వదిలిన స్టెఫెన్సై దోమల్లోనూ డ్రైవ్ లేదు, వాటి ఆడ సంతానం పెద్దవ్వకముందే చస్తుంది. మామూలుగా ఒక జన్యువు సగం పిల్లలకే చేరుతుంది. డ్రైవ్ తన జోడీ క్రోమోజోమును కత్తిరించి, అతుకుపడేటప్పుడు అక్కడికి తన నకలు చేరేలా చేసి దాదాపు అందరికీ చేరుతుంది. లండన్ ఇంపీరియల్ కాలేజీ వాళ్ళు 2018లో ఆడా మగా లక్షణాలను నిర్ణయించే డబుల్‌సెక్స్ జన్యువు మీద దీన్ని ప్రయోగించారు. రెండు నకళ్ళూ దెబ్బతిన్న ఆడదోమకు కుట్టడం చేతకాదు, గుడ్లూ రావు. పంజరాల్లో 7–11 తరాల్లో డ్రైవ్ అన్నిటికీ పాకి జనాభా కూలిపోయింది. అంతకు ముందు వేరే జన్యువు మీద చేసినప్పుడు, కత్తిరించినచోట తప్పుగా అతుక్కుని కూడా పనిచేసే జన్యువులు పుట్టుకొచ్చాయి, వాటి ముందు డ్రైవ్ ఓడిపోయింది. డబుల్‌సెక్స్‌లో ఎంచుకున్నచోట చిన్న మార్పు జరిగినా జన్యువు పనిచేయదు, అందుకే అక్కడ అది నిలబడింది. పంజరం ఊరు కాదు, అది వేరే సంగతి.

అపోహ: పుదుచ్చేరిలో వోల్‌బాకియా అనే బాక్టీరియా ఉన్న దోమలు తయారయ్యాయి కదా, మలేరియాకూ అవే చాలు.

వాస్తవం: అవి ఈడిస్ ఈజిప్టై దోమలు, డెంగీ కోసం తయారైనవి. ఈడిస్ అనాఫిలిస్‌తో జతకట్టి సంతానం కనదు, కాబట్టి వాటిలోని బాక్టీరియా మలేరియా దోమ గుడ్లకు చేరే దారే లేదు. మీ ఊళ్ళో డెంగీ దోమలు తగ్గినా, బావి మీదా ట్యాంకు మీదా మూత లేకపోతే స్టెఫెన్సై యథాతథంగా గుడ్లు పెడుతూనే ఉంటుంది.