పర్లాకిమిడి దాకా రాని గ్రంథాలయ చట్టం

ఆగస్టు 29 దగ్గరపడుతోందంటే ఒడిశాలోని పర్లాకిమిడి, బరంపురం, రాయగడ తెలుగువారి మధ్య పాత వాదన మళ్లీ రాజుకుంటుంది. గిడుగు రామమూర్తి జయంతి సభలకు కుర్రకారు రావడం లేదని, వచ్చినా పుస్తకం గురించి నోరు విప్పడం లేదని పెద్దలు బాధపడతారు, తప్పంతా సెల్‌ఫోన్‌దేనని తేల్చేస్తారు. వ్యావహారిక భాషోద్యమం సంగతులు అందరూ ఎరిగినవే. నేటి తగవుకు మూలం ఆ తర్వాతి కాలంలో, 1936కూ 1948కీ మధ్య ఉంది.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రం కావడంతో పర్లాకిమిడి పట్టణం అందులో కలిసింది. ఆ ఏడాదే గిడుగు ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరారు. సభల్లో తలుచుకునేది ఈ వలసనే గానీ, చదువరులకు అసలు దెబ్బ తగిలింది పన్నెండేళ్ల తర్వాత. 1948లో మద్రాసు రాష్ట్రం పౌర గ్రంథాలయాల చట్టం చేసి, జిల్లా స్థాయిలో గ్రంథాలయ సంస్థలను ఏర్పరచి, ఆస్తిపన్నుతో పాటు వసూలయ్యే గ్రంథాలయ పన్నును వాటికి ఆదాయంగా చూపింది. ఆంధ్ర వైపున్న పాతపట్నానికి ఆ చట్టం వర్తించింది. మహేంద్రతనయ నది ఒడ్డునే, కూతవేటు దూరంలో ఉన్న పర్లాకిమిడికి వర్తించలేదు. ఒడిశాలో అటువంటి చట్టం 2001లో గానీ రాలేదు, వచ్చినదానిలోనూ గ్రంథాలయ పన్ను లేదు.

ఆంధ్ర వైపు అంతా సవ్యంగా ఉందని కాదు. స్థానిక సంస్థలు వసూలు చేసిన పన్నును గ్రంథాలయాలకు జమ చేయకుండా బకాయి పెట్టడం అక్కడ ఏళ్లుగా నడుస్తున్న కథ. అయినా అక్కడి పాఠకుడికి నిలదీసి అడగడానికి ఒక సంస్థ ఉంది. ఇక్కడి తెలుగు పుస్తకం మాత్రం దాతల మీద, సంఘాల ఓపిక మీద బతికింది.

యువకులు చెప్పేది ఇక్కడే వినాలి. ఇంట్లో తెలుగు మాట్లాడినా బడిలో నేర్చింది ఒడియా, ఇంగ్లీషు కాబట్టి, అచ్చు తెలుగును వారిలో చాలామంది కూడబలుక్కుని చదువుతారు. పద్యం అప్పజెప్పమంటే దాన్ని ఒడియా లిపిలో రాసుకుని వచ్చే పిల్లలున్నారు. అటువంటి పిల్ల ధైర్యం చేసి, చదివిన కథ గురించి రెండు మాటలు చెప్పబోతే, మధ్యలో దొర్లిన ఒడియా మాటను పట్టుకుని ముందు వరుసలోంచి ఎవరో సరిదిద్దుతారు, కథ పక్కకు పోతుంది. జనం నోట ఉన్న మాటకు పుస్తకంలో చోటు కావాలని పోరాడిన మనిషి జయంతి నాడు ఇది జరగకూడదు. మాతృభాషలో ప్రాథమిక విద్యకు వసతులు కల్పించాలని రాజ్యాంగం 350ఏ అధికరణం 1956 నుంచీ చెబుతూనే ఉంది. దాన్ని పట్టుబట్టి సాధించుకోలేని పెద్దల తరం, పిల్లలను తప్పుపట్టడం న్యాయం కాదు.

ఫోన్ మాట కూడా తిరిగి ఆలోచించదగినదే. గ్రంథాలయోద్యమం నాడు అక్షరం రానివారికి పత్రికలు చదివి వినిపించేవారు, విన్నవారు వాదించుకునేవారు. ఫోన్‌లో కథ విన్న కుర్రవాడితోనూ చర్చ అలాగే మొదలుపెట్టవచ్చు, పుస్తకం ఆ వెనుక చేతికి వస్తుంది. జయంతి జరిపే సంఘాలు ఈ ఏడు వేదికను ముందుగా ఆ కుర్రవాళ్లకు అప్పగించాలి, 2001 చట్టంలో గ్రంథాలయ పన్నును చేర్చాలని భువనేశ్వర్‌కు పంపే వినతిపత్రాన్ని వారి చేతనే రాయించాలి.